తలుపు మోసిన మనిషి

మొన్న ఆదివారం చందానగర్ మార్కెట్లో వంకాయలు ఏరుకుంటున్నాను. పక్కవాళ్లకు టమాటాలు తూకం వేస్తున్న కూరగాయలామె తల ఎత్తకుండానే అంది.

"తలుపామె పోయింది సార్. పది రోజులాయె."

తలుపామె అంటే మా ఇద్దరికీ ఒక్కరే. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. అది నాకు తెలుసు, నా చేత్తోనే అయిదారుసార్లు టైపు కొట్టాను. ఇక్కడ మాత్రం రాయను. ఆ పేరు నేను కాగితం మీదికి ఎక్కించినప్పుడల్లా ఆమెకు చెడే జరిగింది.

నేను మున్సిపాలిటీలో టైపిస్టుని. అనుమతి లేకుండా కట్టినవాటికి నోటీసులు పంపే సెక్షన్ మాది. మాదాపూర్‌లో కంప్యూటరు కంపెనీల అద్దాల మేడ లేచిన దగ్గర్నుంచీ ఈ చుట్టుపక్కల ఒక్క గజం భూమి ఊరికే పడి ఉండటం లేదు, నా టైపు మిషనుకీ తీరిక ఉండటం లేదు. భీమవరం నుంచి ఉద్యోగానికని వచ్చి పన్నెండేళ్లయింది. ఇన్నేళ్లలో నేను ఎవరి ఇల్లూ కూల్చలేదని, కాగితం మాత్రమే కొట్టానని మా ఆవిడతో అంటూ ఉండేవాణ్ణి. ఈ మధ్య అనడం మానేశాను.

ఆమెను మొదట చూసింది మా ఆఫీసులోనే. మూడేళ్ల కిందట వానలకు రికార్డు రూము గోడ ఉబ్బిపోతే, కాంట్రాక్టరు ఇద్దరు మనుషుల్ని పంపాడు. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. తాపీ పట్టేది మగవాడు, తట్ట మోసేది ఆడది అని మా అందరి లెక్క. తీరా చూస్తే మగమనిషి సిమెంటు మాలు కలిపి అందిస్తున్నాడు, ఆమె తాపీ పట్టి గోడకు గిలాబు చేస్తోంది. పని మానేసి సెక్షన్ అంతా గుమ్మంలో నిలబడి చూశాం. ఆమె మా వైపు చూడను కూడా లేదు.

నలభై అయిదేళ్లుంటాయేమో. సన్నటి మనిషి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, పాపిట్లో కుంకానికి బదులు సిమెంటు దుమ్ము. నడుముకు దారంతో కట్టిన ఇనుప గుండు ఒకటి వేలాడుతూ ఉండేది, గోడ నిటారుగా ఉందో లేదో చూసుకోవడానికి. ఏ గదిలోకి వచ్చినా ముందు మనుషుల్ని కాదు, గోడల్ని పలకరించేది. పుచ్చకాయ కొనేవాళ్లలా వేళ్ల కణుపులతో రెండు చోట్ల కొట్టి, ఒక కన్ను మూసి పై నుంచి కిందికి చూసేది. తర్వాత తీర్పు చెప్పేది. ఆమె దగ్గర తీర్పులు రెండే. నిలుస్తది, నిలువది.

మా రికార్డు రూము గోడకు రెండోది వచ్చింది. "ఎవరు కట్టిండ్రో గని నిద్రల కట్టిండ్రు సార్," అంది. ఆ గదికి ప్లానుందా అని కూడా అడిగింది. సెక్షన్‌లో ఒక్కసారిగా నవ్వులు. ప్లాను లేదు. పాత ఫైళ్లు పెట్టుకునే చోటు చాలక ఎప్పుడో ఎవరో ఆఫీసుకు వెనకాల తగిలించిన గది అది. ఊరందరికీ అనుమతి లేదని నోటీసులిచ్చే ఫైళ్లు అనుమతి లేని గదిలోనే ఉంటున్నాయి.

మనుషులకీ ఆమె అవే తీర్పులు చెప్పేది. మా బిల్డింగ్ ఇన్‌స్పెక్టరు గారు స్కూటరు దిగి వస్తుంటే ఒక కన్ను మూసి చూసి, "ఈ సారు నిలువడు," అని మాలు కలిపేవాడితో మెల్లగా అంది. నాలుగు రోజులు నా పక్క గోడే చేసింది కాబట్టి నాకూ ఒక తీర్పు దొరికింది. "టైపు సారు నిలుస్తడు." ఇంటికెళ్లి ఈ మాట మా ఆవిడకు చెప్పుకుని మురిసిపోయాను.

మధ్యాహ్నం వరండాలో అన్నం తినేవాళ్లం. నేను క్యారేజీ, ఆమె జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు. రెండో రోజో మూడో రోజో తన ఇల్లు సంగతి చెప్పింది. చందానగర్ వెనకాల అరవై గజాలు నోటరీ కాగితం మీద కొనుక్కుందట. కూలికి పోయి వచ్చాక పొద్దు ఉన్నంతసేపు, ఆదివారాలు, తన చేత్తోనే కట్టుకుంటోందట. రెండు గదులు, పైన రేకులు. మనిషివి ఒక్కదానివే కదా, కిరాయికి ఉంటే సరిపోదా అన్నాను. తినే రొట్టె ఆకులో పెట్టేసింది.

ఆమె భర్త కూడా మేస్త్రీయే. మాదాపూర్‌లో పెద్ద మేడ కడుతుంటే పైనుంచి పడ్డాడు. దవాఖానలో రెండు రోజులు ఉండి పోయాడు. అప్పుడు వాళ్లు మియాపూర్‌లో కిరాయికి ఉండేవాళ్లు. శవాన్ని ఆటోలో తీసుకొస్తే ఇంటి ఓనరు గేటుకు తాళం వేశాడు. కొత్తగా గృహప్రవేశమైన ఇల్లు, కిరాయివాళ్ల శవాన్ని లోపలికి రానివ్వం అన్నాడు. ఇది కొత్త సంగతేం కాదు. ఈ ఊళ్లో అద్దెకున్నవాళ్లందరికీ తెలుసు, మనదాకా వచ్చేదాకా తెలియనట్టు ఉంటాం. బంధువులు పాలమూరు నుంచి వచ్చేదాకా పగలంతా బొంబాయి రోడ్డు పక్కన గోనె సంచుల మీద పడుకోబెట్టి కూర్చుందట.

"లారీల దుమ్మంత ఆయన మొకం మీదనే పడ్డది సార్. తుడుస్తనే ఉన్న," అంది. "నేను పోయిననాడు నన్ను నా తలుపుల నుంచి ఎల్లదీయాలె. గంతే. ఇంకేం వద్దు నాకు," అని మళ్లీ రొట్టె తీసుకుంది.

ఆమెకు కావలసింది అదొక్కటే. చచ్చిపోయాక తీసుకెళ్లడానికి ఒక గుమ్మం.

ఆఖరి రోజు నా బల్ల పక్కన చేతులు కడుక్కుంటూ, పొద్దస్తమానం ఏం కొడుతున్నావు సార్ అని అడిగింది. చదువులేని మనిషి ముందు మనకు ఎక్కడ లేని పాండిత్యమూ పుట్టుకొస్తుంది. నోటీసు అంటే ఏమిటో, ఎలా ఇస్తారో విడమరిచి చెప్పాను. మనిషి చేతికిచ్చి సంతకమో వేలిముద్రో తీసుకుంటాం, తీసుకోకపోతే తలుపుకు అతికిస్తాం, అతికిస్తే అందినట్టే అన్నాను.

"తలుపు లేకుంటే?" అంది.

నాకు నవ్వొచ్చింది. "తలుపే లేకపోతే అది ఇల్లెలా అవుతుందమ్మా? నోటీసు ఎవరికిస్తారు?" అన్నాను.

ఆమె నవ్వలేదు. నేను హాస్యమాడానని ఆమెకు తట్టలేదు. సర్కారు ఆఫీసులో, నోటీసు కొట్టే మిషను ముందు కూర్చున్నవాడు చెప్పాడు, అంతే.

తరువాత సంవత్సరం ఆ వీధి మొత్తానికి నోటీసులు వెళ్లాయి. లేఅవుటుకు అనుమతి లేదు, ఏ ఇంటికీ ప్లాను లేదు. ఇన్‌స్పెక్టరు గారు, జిగురు డబ్బా పట్టుకుని అటెండరు పోయి, ఇల్లిల్లూ తిరిగి వచ్చారు. సాయంత్రం అటెండరు కడుపు పట్టుకుని నవ్వుతూ చెప్పాడు. ఒక ఇంటికి తలుపు లేదట. ద్వారబంధం ఉంది, దానికి పసుపు కుంకుమ ఉన్నాయి, పాత చీర ఒకటి అడ్డం వేలాడుతోంది, తలుపు మాత్రం లేదు. ఇంటామె గడప మీద కాకుండా పక్కన కూర్చుని, "మాకింక తలుపు పెట్టలే సార్, ఇల్లు గాలే ఇది," అందట. ఇన్‌స్పెక్టరు గారికి ఎక్కడికో వెళ్లే తొందరేమో, మళ్లీ వద్దాంలే అని వచ్చేశారు. పది రోజులకు మళ్లీ వెళ్లారు. మళ్లీ తలుపు లేదు. సెక్షన్‌లో ఆమెకు తలుపామె అని పేరు పెట్టేశారు. అందరితోపాటు నేనూ నవ్వాను గానీ, ఆ అడ్రసు చూశాక నవ్వు సగంలో ఆగిపోయింది.

తలుపు ఎక్కడికి పోయేదో తర్వాత ఈ కూరగాయలామే చెప్పింది. వీళ్లది తలుపామె ఇంటికి రెండిళ్ల అవతలి ఇల్లు. పాతబస్తీలో పడగొట్టిన ఏదో బంగళా తలుపు అది, టేకుది, పాత సామాన్ల దుకాణంలో కొనుక్కుంది. బందుల్లో మేకు పైకి లాగితే తలుపు ఊడి చేతికొచ్చేలా తనే అమర్చుకుంది. వీధి మొదట్లో స్కూటరు చప్పుడైతే చాలు, మేకులు లాగి, తలుపు నెత్తికెత్తుకుని, వెనక సందులోంచి కూరగాయలామె ఇంటికి పరిగెత్తేది. అక్కడ దాన్ని నేల మీద పరిచి పైన వంకాయలు, బెండకాయలు పోసేవాళ్లు. అటెండరు ఆ వంకాయల పక్కనే నిలబడి వాళ్ల తలుపుకు వాళ్ల నోటీసు అతికించి పోయాడు.

మూడోసారి పంచనామా రాయడానికి మనిషి లేక నన్నూ రమ్మన్నారు. నేను వెళ్లేసరికి ఆమె ఇంటి పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి ముఖం విప్పారింది. చుట్టం వచ్చినట్టు లేచి నిలబడి, లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఇల్లు చూశాను. గోడలు గీత గీసినట్టున్నాయి. నేను పనిచేసే ఆఫీసుకి, నేను అద్దెకుండే ఇంటికి కూడా అంత చక్కటి గోడలు లేవు.

ఇన్‌స్పెక్టరు గారికి ఈసారి విసుగొచ్చింది. "తలుపు లేకపోతే గోడ లేదా? గోడకే కొట్టవయ్యా," అన్నారు. అటెండరు మైదాపిండి జిగురు పూసి, గుమ్మం పక్కన గోడకు కాగితం అతికించాడు. తడి ఆరని జిగురు సున్నం మీద నుంచి కిందికి కారింది.

ఆమె ఆ కాగితం వంక చూసింది. తర్వాత ఒక కన్ను మూయకుండా, రెండు కళ్లతోనూ నా వంక చూసింది.

"గోడకు అతికిచ్చిండ్రు. తలుపుకు గాదు గద సార్?"

గోడకు అతికించినా చెల్లుతుంది. అది నాకు తెలుసు. ఆ రోజు నుంచి పదిహేను రోజులే గడువని తెలుసు. కాదమ్మా, అందినట్టే, రేపే ఆఫీసుకి వచ్చి అర్జీ పెట్టుకో అనడానికి నాకు పట్టేది అర నిమిషం. కానీ అలా అంటే ఆమె, నువ్వే గద సార్ తలుపు ఉండాలంటివి అనేది. ఇన్‌స్పెక్టరు గారు పక్కనే ఉన్నారు. నోటీసు ఎలా తప్పించుకోవాలో నోటీసు కొట్టేవాడే నేర్పాడని ఆఫీసంతా పాకిపోయేది. ఇదంతా ఆలోచించానని చెప్పుకుంటున్నాను గానీ ఆలోచించడానికి వ్యవధే లేదు. నా తల ఊగింది. అవునన్నట్టు ఊగింది.

ఆమె నిశ్చింతగా చెంబు లోపల పెట్టడానికి వెళ్లింది. నేను ఆ గోడనే ఆనుకుని, తలుపు లేనందున గుమ్మం పక్క గోడకు ఇద్దరు సాక్షుల సమక్షంలో అతికించడమైనది అని రాశాను.

వీధిలో మిగతా వాళ్లంతా మా ఆఫీసు గేటు దగ్గర అర్జీలు రాసేవాడి చేత జవాబులు రాయించి పట్టుకొచ్చారు. నోటీసు అందింది, పేదవాళ్లం, జరిమానా కట్టుకుంటాం, ఇళ్లు క్రమబద్ధం చేయండి అని. కూరగాయలామె కూడా ఇచ్చింది. అలా అర్జీ పెడితే ఫైలు పెండింగులో పడుతుంది. మా ఆఫీసులో పెండింగులో పడ్డది మనవల కాలం దాకా అక్కడే ఉంటుంది, ఇల్లూ అలాగే ఉంటుంది. అర్జీ పెట్టమని కూరగాయలామె ఎంతో చెప్పి చూసిందట. నాకు నోటీసే రాలేదు, వచ్చిందని నేనే రాసిచ్చి ఒప్పుకోవాల్నా అని తలుపామె వినలేదు. తన తెలివికి తనే మురిసిపోతూ ఉండేదట.

ఆ పదిహేను రోజులూ నా బస్సు చందానగర్ మీదుగానే వెళ్లింది. పొద్దున ఎక్కేటప్పుడు సాయంత్రం దిగుదామనుకునేవాణ్ణి. సాయంత్రం సీటు దొరికితే రేపు దిగుదామనుకునేవాణ్ణి.

అప్పుడే పై నుంచి ఒత్తిడి మొదలైంది. పెద్దపెద్దవాళ్లు వచ్చిపోయే రోడ్లు, అక్రమ కట్టడాల మీద ఏం చర్య తీసుకున్నారో చూపించాలి అన్నారు. చూపించాలంటే ఏదో ఒకటి కూల్చాలి. ఆ వీధి జాబితా నేనే టైపు చేశాను. ప్రతి పేరుకీ ఎదురుగా అర్జీ వచ్చిన తేదీ. ఒక్క పేరుకి ఎదురుగా మాత్రం, జవాబు రాలేదు.

బుల్‌డోజర్ వచ్చిన పొద్దున నేను వెళ్లక్కర్లేదు. అయినా వెళ్లాను. ఆమె ఏమాత్రం పరేషాన్ కాలేదు. తలుపు అప్పటికే వంకాయల కింద ఉంది. ఎదురొచ్చి, నోటీసు ఇయ్యంది ఎట్ల కూలగొడ్తరని ఇన్‌స్పెక్టరు గారిని మెత్తగానే అడిగింది.

"ఇచ్చాంగా," అన్నారాయన.

"తలుపుకు అతికియ్యలే సార్. గా టైపు సారును అడుగు."

ఆయన నా వైపు తిరిగారు. వీధంతా నా వైపు తిరిగింది. ఫైలు నా చేతిలోనే ఉంది. పంచనామా తీసి చదివాను, నా రాతే. చదివి, "గోడకైనా చెల్లుతుందమ్మా," అన్నాను.

ఆమె ఒక కన్ను మూసి నన్ను చూసింది. పై నుంచి కిందికి, నిదానంగా. "అట్లనా సార్," అంది. నన్ను ఒక్క మాట అనలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. లోపలికి పోయి సామాను బయట పెట్టుకుంది. రెండు గిన్నెలు, ట్రంకు పెట్టె, భర్త ఫోటో, తాపీ.

మొదటి దెబ్బకు గోడ పడలేదు. రెండో దెబ్బకీ పడలేదు. ఇట్లాంటి ఇళ్లు ఒక్క తోపుకే పోతాయని, ఇదేంటో గట్టిగుందని డ్రైవరు బండి వెనక్కి తీశాడు. ఆమె నా పక్కనే నిలబడి ఉంది. "నిలుస్తది," అంది, ఎవరితోనూ కాదు, ఆఫీసులో గోడలను చూసి అన్నట్టుగానే. మూడో దెబ్బకు రేకులతో సహా కూలింది. దుమ్ము ఆమె జుట్టు మీద, నా చొక్కా మీద సమానంగా పడింది. నేను నా చొక్కా దులుపుకున్నాను. ఆమె దులుపుకోలేదు.

మధ్యాహ్నం ఆమె కూరగాయలామె ఇంటికి పోయి వంకాయలు పక్కకు నెట్టి, తలుపు నెత్తిన పెట్టుకుని మియాపూర్ వైపు నడిచి వెళ్లిపోయింది. ఇల్లు లేనిదానికి తలుపెందుకు, అమ్ముకోరాదా అని ఎవరో అంటే, దీనిమీద ఎవ్వరూ ఏమీ అతికియ్యలేదు, ఇది నాదే అందట.

ఆ తర్వాత ఒక్కసారే కనిపించింది, మియాపూర్ బస్టాపులో. మొహం చాటేద్దామనుకున్నాను గానీ ఆమే ముందు చూసింది. బాగున్నవా సార్ అంది. ఈ వానలకు మీ ఆఫీసు గోడ మళ్లీ ఉబ్బుతది, జర చూస్కోండ్రి అంది. నేను చూపిస్తానని ఏదో గొణిగాను. అంతలో బస్సొచ్చింది, ఎక్కేశాను.

మార్కెట్లో వంకాయలు నా చేతిలోనే ఉండిపోయాయి. ఎలా పోయిందని అడిగాను. జ్వరం అంది కూరగాయలామె. ఒక్కతే కిరాయి రూములో ఉండేదట. నాలుగు ఇటుకల మీద ఆ తలుపు వేసుకుని దాని మీదే పడుకునేదట. పోయింది కూడా దాని మీదే.

"కిరాయోళ్లు లోపట ఉంచనియ్యలే సార్. మా వాకిట్ల పెడ్దమంటే కోడలు కడుపుతోని ఉంది, వద్దన్నది. ఇగ ఏం జేస్తం. గా తలుపు తెచ్చి రోడ్డు పక్కన ఏసి, దాని మీదనే పండబెట్టినం. పాలమూరోళ్లు వచ్చేసరికి పొద్దుగూకింది. లారీల దుమ్ము సార్. కొంగుతోని తుడుస్తనే ఉన్న నేను."

తలుపు ఏం చేశారని అడిగాను. కట్టెలు తక్కువ పడితే చితిలో అదీ వేశారట.

చేతిలో ఉన్న వంకాయలు తక్కెడలో పెట్టాను. మూడేళ్లుగా ఎవరికీ చెప్పని మాట, మా ఆవిడకు కూడా చెప్పని మాట, నోరు దాటింది. "తలుపు లేకపోతే నోటీసు లేదని ఆమెతో అన్నది నేనేనమ్మా," అన్నాను.

"తెలుసు సార్. గామె చెప్పింది."

"తిట్టుకునేదా?"

"లే సార్. ఎన్నడు తిట్టలే. సారు మంచోడు, పాపం తెల్వక చెప్పిండు అనేది."

తెలియక చెప్పింది మొదటిసారి మాత్రమే. గోడ దగ్గర తల ఊపినప్పుడు నాకు తెలుసు.